రెండవ దశ మొక్కలు

ఒక పెద్ద అడవిలో, జంతువులకు మాటలూ, ఆ మాటలకు విలువా ఉన్న రోజుల్లో జరిగిన కథ ఇది. ఊ కొట్టేవారు దగ్గరికి జరగండి. ఊ కొట్టలేనివారు హాయిగా నిద్రపోండి. నడుమ మెలకువ వచ్చి "మొదటినుంచీ చెప్పు" అని మాత్రం అడగకండి.

ఆ అడవికి ఉత్తరపు కొసన ఉసిరిగుట్ట అని ఒక గుట్ట ఉండేది. మాఘమాసంలో కార్చిచ్చు వచ్చి దాని మీదుగా నడిచి వెళ్ళింది. ఆ తర్వాత ఉసిరిగుట్ట మీద ఉసిరిచెట్టు ఒక్కటీ మిగల్లేదు. మిగిలినవి గుట్ట పేరు, మోకాలిలోతు బూడిద, ఆ బూడిద కింద ఒక బొరియ. ఆ బొరియలో సూరమ్మ అనే ముళ్లపంది కాపురముండేది.

గుట్ట కాలిన వారానికే అడవి సభ కూర్చుని ఒక తీర్మానం చేసింది. మృగశిర కార్తెలో తొలి చినుకు పడేనాటికి గుట్ట మీద నాటిన మొక్కల్లో సగమైనా బతికి ఉంటే, గుట్ట నాటినవారిది. సగం కూడా లేకపోతే, అది ఎందుకూ కొరగాని బీడు కనుక, దున్నల మంద పొర్లాడుకోవడానికి వదిలివేయబడుతుంది. సభకు అధ్యక్షుడు దండయ్య అనే అడవిదున్న. మందకు పెద్ద ఆయన బావమరిది కొమ్మయ్య. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదని తీర్మానంలోనే స్పష్టంగా ఉంది.

దున్నలు పొర్లిన చోట బొరియ నిలవదు. ఈ మాట తీర్మానంలో లేదు కానీ సూరమ్మకు తెలుసు.

అందుకని ఆమె ఉసిరి, నేరేడు, ఇప్ప గింజలు ఏరి తెచ్చింది. బొరియ వాకిట్లో మొలకెత్తించి, జానెడు ఎత్తు వచ్చాక అరవై మొక్కలు గుట్ట మీద నాటింది. రోజూ తెల్లవారగానే ఎండిన సొరబుర్ర వీపున పెట్టుకుని వాగుకు దిగడం, నీళ్ళు ముంచుకుని ఎక్కడం, మొక్క మొక్కకూ ఇంత పోయడం. వైశాఖం వచ్చేసరికి అరవైకి అరవై బతికి ఉన్నాయి. సూరమ్మ నడుమే కొంత వంగింది.

అప్పుడు రెండు కొండల అవతలినుంచి ఒక గువ్వ కబురు మోసుకొచ్చింది. "మీ పైడమ్మకు నెలలు నిండవస్తున్నాయి. అమ్మ రాకుండా కననంటోంది."

కూతురి తొలిచూలు. వెళ్ళక తప్పదు. వెళ్తే పురుడు పోసి, పదకొండోనాడు పిల్లలకు పేర్లు పెట్టి, అప్పుడు కదా తిరుగు ప్రయాణం! పోనూ ఒక రోజు, రానూ ఒక రోజు. పదమూడు రోజులు. రోహిణి ఎండల్లో పదమూడు రోజులు నీళ్ళు లేకుండా ఏ మొక్క నిలుస్తుంది?

సూరమ్మ ఆలోచిస్తూ వాగునుంచి ఎక్కివస్తుండగా, వీపున ఉన్న బుర్ర జారి ఆమె ముల్లు ఒకటి అడుగున గుచ్చుకుంది. లాగితే నీరంతా పోతుందని ముల్లును విరిచి అందులోనే వదిలేసింది. బుర్రను ఒక నేరేడు మొక్క పక్కన దింపి, ఇంకో బుర్రతో పనిలో పడి దానిని మరచిపోయింది. నాలుగు రోజుల తర్వాత చూస్తే చుట్టుపక్కల నేల పెళుసుబారి ఉంది కానీ, ఆ నేరేడు మొదట్లో మాత్రం మన్ను చల్లగా, చేతికి అంటుకునేటట్టు ఉంది. ముల్లు వెంబడి నీరు కంటికి కనిపించనంత మెల్లగా ఊరుతోంది.

సూరమ్మ ఆ రోజు అన్నం మాట మరచిపోయింది. వాగు ఒడ్డున అడవి సొరతీగలకు ఎండి వేలాడుతున్న బుర్రలన్నీ కోసి తెచ్చింది. ఒక్కొక్క దాని అడుగున ఒక్కొక్క ముల్లు గుచ్చి, మొక్క వేరు పక్కన మెడదాకా పాతి, నిండా నీరు పోసి, మూతికి పలుచని రాయి కప్పింది. మొదలు చుట్టూ ఎండుటాకులు దళసరిగా పరిచింది. పడమటి వైపు నీడకు కంపరెమ్మ గుచ్చింది. ముందుగా ఒక బుర్రను పెట్టి లెక్క చూసుకుంది. అది పద్నాలుగో రోజుకు గానీ ఖాళీ కాలేదు.

"చాలు," అనుకుంది. "నా వీపు మీద ఉన్నవాటికి ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది."

పొరుగున పొదలో ఉండే కౌజుపిట్ట రత్తమ్మ ఇదంతా చూసి మెచ్చుకుంది. మెచ్చుకుని ఊరుకుంటే ఈ కథ లేదు.

"సభకు చెప్పావా, వదినా?"

"చెప్పడానికి ఏముంది రత్తమ్మా? ఎవరూ ఏమీ చేయనక్కర్లేదుగా."

"చెప్పకుండా వెళ్ళావో, గుట్ట వదిలేసి పోయావంటాడు కొమ్మయ్య. గుట్ట కాజేయడానికి ఆ పొర్లేవాడికి ఒక్క సాకు చాలు."

అది నిజమే. మర్నాడు ఉదయం సూరమ్మ సభాబండ దగ్గరికి వెళ్ళింది.

సభాబండ మీద ఎత్తైన చోట దండయ్య కూర్చుని ఉన్నాడు. పక్కన కార్యదర్శి నిశ్చలమూర్తి అనే కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఆయన రెండో కాలు ఇరవై ఏళ్ళుగా పరిశీలనలో ఉంది. పర్యవేక్షకుడు చంచలరావు అనే కోతి ఒకచోట కూర్చునే లోపల ఏడు చోట్ల కూర్చున్నాడు. కొమ్మ మీద చిలుక వల్లెమ్మ ఉంది. ఆ అడవిలో రాతకోతలు లేవు, చిలుకే దస్తావేజు. సభలో వల్లెమ్మ ముమ్మారు పలికిన మాట నిజమవుతుంది. ఒకసారి నిజమయ్యాక దానిని మార్చే అధికారం ఎవరికీ లేదు, వల్లెమ్మకు కూడా లేదు.

సూరమ్మ దండం పెట్టి విషయం చెప్పింది.

"అంటే పదమూడు రోజులు గుట్ట మీద ఎవరూ ఉండరా?" అన్నాడు దండయ్య.

"ఉండనక్కర్లేదండి. మొక్కలకు కావలసిన తడి బుర్రలే ఇస్తాయి."

"ఎవరు పోస్తారు?"

"ఎవరూ పోయరండి. దానంతట అదే ఊరుతుంది."

ఒక పని దానంతట అదే జరగడం ఆ బండ మీద ఎవరూ విని ఎరుగరు.

"దానంతట అదే ఊరితే," అన్నాడు నిశ్చలమూర్తి కళ్ళు తెరవకుండానే, "దానికి బాధ్యులెవరు?"

"ఊరడానికి బాధ్యత ఎందుకండి?"

"సరే, ఊరిందనుకుందాం. ఊరినట్టు సభకు విన్నవించేదెవరు?"

"మొక్కేనండి. బతికి ఉంటే ఊరినట్టే కదా."

"మొక్కకు సభలో మాట్లాడే అర్హత లేదు," అన్నాడు నిశ్చలమూర్తి.

"పాపం అమాయకురాలు," అన్నాడు దండయ్య జాలిగా. "ఒంటరి ఆడది పురిటికి వెళ్తూ, పసిమొక్కలను ఎవరి చేతుల్లోనూ పెట్టకుండా బుర్రల పాలు చేసి పోతోంది. సభ ఉండి ఏం లాభం? పదండి, చూద్దాం!"

సభ మొత్తం గుట్టకు తరలింది. చంచలరావు అందరికంటే ముందు చేరి, దారి పక్కనున్న ఒక బుర్రను పెకలించి, పైకెత్తి అడుగు చూశాడు.

"ఎక్కడమ్మా నీళ్ళు? చుక్క కనిపించదే!"

"కనిపించేంత కారితే రెండు రోజులకే అయిపోతుంది బాబూ," అంది సూరమ్మ, గొంతు వీలైనంత మెత్తగా పెట్టుకుని.

"కనిపించని నీటిని సభ పోసినట్టు ఎలా చెప్పుకుంటుంది?" అన్నాడు నిశ్చలమూర్తి. ఆయన సైగ చేయగానే వడ్రంగిపిట్ట వచ్చి, ముల్లు పీకేసి, ఆ చోట బొటనవేలంత రంధ్రం తొలిచింది. బుర్రలోని నీరు ఒక్కసారిగా ధారకట్టి వాలువెంట పారిపోయింది. సభ్యులందరూ చప్పట్లు కొట్టారు.

"నీరంటే ఇదీ!" అన్నాడు దండయ్య పరవశించి.

"వేరు తడిసిందో లేదో కూడా చూడాలి," అంటూ చంచలరావు పక్కనున్న ఉసిరి మొక్కను పట్టుకుని పైకి లాగాడు. వేళ్ళ మన్ను దులిపాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "తడి ఉంది," అని ప్రకటించి, మళ్ళీ గుంటలో నిలబెట్టాడు. "ఉదయం ఒకసారి, సాయంకాలం ఒకసారి ఇట్లా చూస్తే ఏ మొక్కకూ భయం లేదు!"

సూరమ్మ ముళ్ళు వీపున ఒక్కసారిగా లేచి నిలిచాయి. ఆమె వాటిని బలవంతాన పడుకోబెట్టింది.

అక్కడికక్కడే 'నిత్య తడి పథకం' తయారైంది. అరవై మొక్కలూ సభ పోషణలోకి వస్తాయి. అన్ని బుర్రలకూ సభ నమూనా ప్రకారం రంధ్రాలు వేయబడతాయి. అన్ని మొక్కలూ రోజుకు రెండుసార్లు పీకి చూడబడతాయి. వద్దందామా అంటే, కొమ్మయ్య అప్పటికే వెనకనుంచి, "సభ సాయం వద్దనేవాళ్ళకు సభ గుట్ట మాత్రం ఎందుకో!" అని పక్కవాడితో గట్టిగా అంటున్నాడు. ఉందామా అంటే, రెండు కొండల అవతల పైడమ్మ దారి చూస్తోంది. రేపు తెల్లవారుజామునే బయలుదేరాలి.

సూరమ్మ గుట్టను చూసింది. దారి పక్కన, పదిమందికీ కనిపించే చోట ఇరవై మొక్కలున్నాయి. వెనక, కంపల పల్లంలో, తొంగి చూస్తే తప్ప కనిపించనివి నలభై. తర్వాత చేతులు జోడించింది.

"అయ్యా, ఇంత గొప్ప పథకం ఒక్కమాటుగా అయిపోతే ఎట్లాగండి?"

"ఏమి, ఏమైంది?"

"అరవైకీ ఒకేసారి మొదలుపెడితే ప్రారంభోత్సవం ఒకటే జరుగుతుంది. తమకు పడే దండ ఒకటే. ముందు ఈ ఇరవై మొదటి దశగా పెట్టుకుని, వెనకవాటిని రెండవ దశకు ఉంచితే..."

దండయ్య కళ్ళు మిలమిల మెరిశాయి. "రెండు దండలు!"

"మొదటి దశ ఫలితాలు అధ్యయనం చేయకుండా రెండవ దశకు పోవడం పద్ధతి కూడా కాదు," అన్నాడు నిశ్చలమూర్తి, ఆ ఆలోచన తనదే అన్నంత గంభీరంగా. "అంతేకాదు. రెండవ దశ అధికారికంగా మొదలయ్యేవరకు ఆ మొక్కల దరిదాపులకు సభ వారెవరూ పోకూడదు. మొదలుకాని పనిలో చేయి పెట్టడం నియమవిరుద్ధం."

"నియమవిరుద్ధం," అంది సూరమ్మ తల వంచి. ఆమె ఆ అడవిలో పుట్టి పెరిగింది. వాగు మీద రాళ్ళ దారికి మొదటి దశ కింద ఒక రాయి వేశారు. రెండవ దశ ఆమె అమ్మమ్మ పసిప్రాయం నుంచీ రాబోతూనే ఉంది.

వల్లెమ్మ ముమ్మారు పలికింది: "మొదటి దశ ఇరవై. రెండవ దశ నలభై. మొదలయ్యేవరకు సభవారెవరూ అటు పోరాదు."

మర్నాడు తెల్లవారుజామున సూరమ్మ బయలుదేరేముందు దారి పక్కనున్న ఇరవై మొక్కల దగ్గరికీ వెళ్ళింది. ఒక్కొక్క దాని మొదట్లో ఆకులు సర్దింది. అవసరం లేకపోయినా సర్దింది. ఇవి ఆమె చేతి మీదుగా మొలిచినవే. నలభైని దాచడానికి వీటినే ముందు నిలబెట్టింది. తిరిగి చూడకుండా కొండ ఎక్కింది.

పైడమ్మకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పురుడు సుఖంగా జరిగింది. పసికూనల ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి. సూరమ్మ వాటిని నిమురుతూ ఆకాశం వైపు చూసేది. రోజు రోజుకూ ఎండ ముదురుతోంది. "మొక్కల మీదేనా నీ ధ్యాస?" అని పైడమ్మ అలిగింది. "లేదే," అని సూరమ్మ అబద్ధం చెప్పింది. పదకొండోనాడు పేర్లు పెట్టిన వెంటనే, పెట్టిన పాయసం సగంలో వదిలి బయలుదేరింది.

గుట్ట మలుపులోనే రత్తమ్మ ఎదురొచ్చింది.

"వచ్చావా వదినా! ఏమని చెప్పను, ఎక్కడ మొదలుపెట్టను!"

"మొదటి రోజునుంచి మొదలుపెట్టు."

"మొదటి రోజు ప్రారంభోత్సవం. ఏనుగుగారిని పిలిచారు. ఆయన వాగు సగం తొండంలోకి పీల్చుకొచ్చి ఒక్క ఊదు ఊదాడు. అయిదు మొక్కలు వేళ్ళతో సహా లేచి కిందికి కొట్టుకుపోయాయి. 'పథకం వాగు దాకా విస్తరించింది' అని వల్లెమ్మ చేత పలికించారు. దండయ్యగారికి దండ వేద్దామంటే గుట్ట మీద ఇంకెక్కడా పచ్చాకు లేదాయె! మొక్కల ఆకులే కోసి గుచ్చారు."

"నా ఉసిరి ఆకులా?"

"ఉసిరివే. దండ మాత్రం బాగుంది వదినా, ఉన్నమాట చెప్పుకోవాలి. రెండో రోజునుంచి చంచలరావు. పొద్దున్న పీకడం, సాయంత్రం పీకడం. నాలుగో రోజుకు ఏ మొక్క ఏ గుంటలోదో తెలియక, తలకిందులుగా కూడా నాటాడు. అడిగితే, వేరు పైన ఉంటే పీకకుండానే తడి చూడొచ్చు కదా అన్నాడు."

"నిశ్చలమూర్తిగారు ఏమన్నారు?"

"ఏమంటాడు, ఒక మొక్క మీద నిలబడి ధ్యానం చేశాడు. కాలు దించాలంటే సభ అనుమతి కావాలట. ఆ మొక్క పోయింది. ప్రతి సాయంత్రం వల్లెమ్మ మాత్రం ఒకటే పాట: 'మొదటి దశ ఇరవై మొక్కలూ పచ్చగా, తడిగా, తృప్తిగా ఉన్నవి.' పదమూడు రోజులూ ముమ్మారు చొప్పున!"

సూరమ్మ దారి పక్కకు చూసింది. పచ్చగా, తడిగా, తృప్తిగా ఉన్న చోట ఇరవై ఎండుపుల్లలు కూడా సరిగ్గా లేవు. ఆమె వంగి ఒక పుల్లను నిమిరింది.

"మరి వెనకవి?"

"నువ్వే చూసుకో. అటు పోవడం సభవారికి కదా నియమవిరుద్ధం," అని రత్తమ్మ కన్ను గీటింది.

సూరమ్మ కంపలు తప్పించుకుని పల్లంలోకి దిగింది. ముందు కనిపించింది ఇప్ప మొక్క. తను వెళ్ళేటప్పుడు లేని ఆకులు రెండు వేసి ఉంది. పక్కన నేరేడు. దాని పక్కన ఇంకో నేరేడు. బుర్ర మూత తీసి చూస్తే అడుగున ఒక దోసిలి నీరు ఇంకా మిగిలి ఉంది. ఒకచోట మాత్రం బుర్ర ఎండకు పగిలి, దాని ఉసిరి మాడిపోయింది. మిగిలిన ముప్పై తొమ్మిదీ, ఎవరూ పట్టించుకోని పసిపిల్లల్లాగా, నిక్షేపంగా పెరుగుతున్నాయి.

ఆమె వాగుకు దిగింది. బుర్రలన్నీ మళ్ళీ నింపింది.

మృగశిర వచ్చింది. పడమటినుంచి మబ్బు లేచింది. తొలి చినుకుకు ముందే నిర్ణయం చెప్పాలి కనుక సభ గుట్ట మీదే సమావేశమైంది. కొమ్మయ్య మందను వెంటబెట్టుకుని వచ్చి, వాలుకు అడ్డంగా వరసలో నిలబెట్టాడు. కొన్ని దున్నలు అప్పటికే పొర్లడానికి చోట్లు చూసుకుంటున్నాయి.

"బావా, చూడడానికి ఏముంది?" అన్నాడు కొమ్మయ్య. "ఇరవైకి ఇరవై చచ్చాయి. గుట్ట మాది."

"వెనక ముప్పై తొమ్మిది ఉన్నాయండి," అంది సూరమ్మ. "అరవైలో సగం దాటినట్టే."

"అవి రెండవ దశ," అన్నాడు కొమ్మయ్య తడుముకోకుండా. "రెండవ దశ మొదలైందా? లేదు. మొదలుకాని దశలో మొక్కలు ఎట్లా ఉంటాయి? లేనట్టే లెక్క. కాదంటారా కార్యదర్శిగారూ?"

నిశ్చలమూర్తి చాలాసేపు ఆలోచించాడు. "నియమం ప్రకారం అవి లేవు," అన్నాడు. "కళ్ళకు కనిపిస్తున్నాయి. కానీ అది వేరే విభాగం."

దున్నలు ఒక అడుగు ముందుకు వేశాయి. మబ్బు గుట్ట నెత్తిమీదికి వచ్చేసింది.

అప్పుడు ఆమె దండయ్యవైపు తిరిగింది. "అయ్యా, మొదటి దశ ఇరవై మొక్కలూ చచ్చాయని తమ బావమరిదిగారు అంటున్నారు. సభ మాటేమిటో వల్లెమ్మగారి నోట ఒక్కసారి వినిపిస్తారా? నేను ఊళ్ళో లేను కదండి, వినే భాగ్యం కలగలేదు."

వల్లెమ్మ మెడ సవరించుకుంది. "మొదటి దశ ఇరవై మొక్కలూ పచ్చగా, తడిగా, తృప్తిగా ఉన్నవి!"

"అదేమిటి, కళ్ళెదుట పుల్లలుంటే!" అని కొమ్మయ్య బుస కొట్టాడు. "ఆ మాట కొట్టేయండి బావా!"

"ముమ్మారు పలికాను," అంది వల్లెమ్మ. "పదమూడు రోజులు పలికాను."

"పలికితే మాత్రం? అబద్ధం అబద్ధమే!"

వల్లెమ్మకు చుర్రుమంది. "ముమ్మారు పలికింది అబద్ధమయితే, కొమ్మయ్యా, నిరుడు చైత్రంలో ఇంకో మాట కూడా ముమ్మారు పలికాను. 'నేటినుంచి ఈ అడవి సభకు దండయ్యగారే అధ్యక్షులు' అని. ఏది కొట్టేయమంటారు? ఒకటి కొడితే రెండోది దానంతట అదే పోతుంది."

ఒక పని దానంతట అదే జరగగలదని దండయ్య మొదటిసారి నమ్మాడు. ఆయన బావమరిదివైపు చూశాడు. మొక్కలు లేని గుంటలవైపు చూశాడు. కూర్చున్న ఎత్తైన రాయిని ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"మొదటి దశ," అన్నాడు గొంతు సవరించుకుని, "దిగ్విజయం."

"బావా!"

"నోర్ముయ్, కొమ్మయ్యా. ఇరవైకి ఇరవై బతికాయి. నా కళ్ళతో చూస్తున్నాను."

"ఇరవై అయితే సగం కాదు!" అని కొమ్మయ్య ఆఖరి కొమ్ము విసిరాడు. "నాటినవి అరవై! సగమంటే ముప్పై!"

ఇదీ నిజమే. దండయ్య కార్యదర్శివైపు చూశాడు. నిశ్చలమూర్తి నిదానంగా కళ్ళు తెరిచాడు.

"పథకం మహిమ అర్థం చేసుకోవాలి," అన్నాడు. "మనం తడిపినవి ఇరవై. కంటికి కనిపిస్తున్నవి ముప్పై తొమ్మిది. అంటే నిత్య తడి పథకంలో ఇరవై మొక్కలు ముప్పై తొమ్మిదిగా వృద్ధి చెందాయి. రెట్టింపుకు ఒకటి తక్కువ. ఆ ఒక్కటి పర్యవేక్షణ లోపం. చంచలరావుగారిని వివరణ అడుగుదాం."

చంచలరావు వివరణ ఇవ్వడానికి అప్పటికే గుట్ట దిగి మూడు చెట్ల అవతల ఉన్నాడు.

"ఇరవై ముప్పై తొమ్మిది అయినవి. గుట్ట సూరమ్మది," అని వల్లెమ్మ ఒకసారి పలికింది. రెండోసారి పలికింది. మూడోసారి పలుకుతుండగా తొలి చినుకు వచ్చి ఆమె ముక్కు మీద పడింది. మూడోదీ తడబడకుండా పూర్తిచేసింది. వృత్తి అంటే ఆమెకు గౌరవం.

దున్నలు గొణుక్కుంటూ వాలు దిగిపోయాయి. సభవారు దండ కోసం ఆకులు ఎక్కడ దొరుకుతాయా అని చూస్తూ మరో దిక్కుకు వెళ్ళారు. వాన ఒక్కసారిగా అందుకుంది. సూరమ్మ పల్లంలోకి దిగి బుర్రలను ఒక్కొక్కటే పైకి తీసింది. ఇక వాటితో పని లేదు. ఆఖరి దానిని తీయబోయేసరికి దాని అడుగు చుట్టూ తెల్లని వేళ్ళు వల అల్లుకుని ఉన్నాయి. తెంపడానికి మనసొప్పక దానిని అక్కడే వదిలి మన్ను కప్పింది. దారి పక్కకు వచ్చి, ఖాళీ గుంటలు ఇరవైనీ చేత్తో ఒకసారి శుభ్రం చేసింది. ఏ గుంటలో ఏ గింజ వేయాలో ఆమెకు గుర్తుంది.

ఆ ఏడు నిత్య తడి పథకాన్ని అడవి మొత్తానికీ విస్తరించారు. ఆ మాట వల్లెమ్మ ముమ్మారు పలికిన మర్నాడే సూరమ్మ బొరియ ముందు బారులు తీరారు. కుందేళ్ళు, జింకలు, ఉడుతలు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క పసిమొక్క. అందరి వెనకా ఎవరికీ కనిపించకుండా ఒదిగి నిలబడినవాడు కొమ్మయ్య. ఆయన నోటితో ఒక మర్రిమొలక పట్టుకున్నాడు, మందకు నీడ కావాలట.

"అక్కా," అన్నారు అందరూ గుసగుసగా, "రెండవ దశలో చేరాలంటే ఏం చేయాలి?"

కనుక ఇందులోని నీతి ఏమంటే: పెద్దల చల్లని చూపు ఇంకా పడని చోటే పసిమొక్క చల్లగా పెరుగుతుంది.

ఈ కథను మొదట చెప్పింది మా నాయనమ్మ, వేమవరపు శేషమాంబ.